మా తెప్ప వాలిన సంగతి

సోమవారం

ఈ పొద్దున ఇద్దరు మనుషులు నిచ్చెన మోసుకుంటూ వచ్చి, మా హోటల్లో గల్లాపెట్టె పైన గోడకున్న చెవిని పీకేశారు.

చెవి అంటే అరచేయంత తెల్ల బిళ్ళ. మధ్యలో జల్లెడలా కన్నాలుంటాయి. సముద్రంలో తేలే మా తెప్ప మీద ప్రతి ఇంట్లో, ప్రతి కొట్లో ఒకటి ఉండేది. మనం మాట్లాడతాం, అది వింటుంది. అంతకు మించి దానికి పనేమీ లేదు. పాత మండలి పోయి కొత్త మండలి వచ్చింది కనక ఇక చెవులు అక్కర్లేదట. పాతది ఎలా పోయిందో మాలో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఒకరోజు లౌడ్‌స్పీకర్లో గొంతు మారింది, అంతే. మేమూ కొత్త గొంతుకి తగ్గట్టు తలలూపడం మొదలుపెట్టాం.

నిచ్చెన దిగుతూ అందులో ఒకతను అన్నాడు: "ఆ బోర్డు కూడా తీసేసుకోవచ్చమ్మా. ఇప్పుడు అందరికీ స్వేచ్ఛే."

బోర్డు మీద 'ఇచ్చట రాజకీయములు మాట్లాడరాదు' అని ఉంటుంది. నేను ఈ హోటల్‌కి కోడలిగా వచ్చేనాటికే దాని అక్షరాలు సగం పొగచూరిపోయాయి.

నా మొగుడు పైడిరాజు దోసెల పెనం దగ్గర్నుంచి ఇదంతా మెడ సాచి చూశాడు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగి, నన్ను దగ్గరికి పిలిచి, మెల్లగా అడిగాడు. చెవి పోయినా ఆయన గొంతు ఇంకా పెద్దది కాలేదు.

"ఓలె వరహాలూ, బోర్డు తీసీమన్నారేటి, తీసీవచ్చన్నారేటి?"

"తీసీవచ్చన్నారు."

"అలగైతే ఉండనీ. తీసీమన్నప్పుడు తీద్దాం."

నేను స్టూలెక్కి తీసేశాను. పిండి గంగాళం మీద మూతకి సరిగ్గా సరిపోయింది. మధ్యాహ్నం వెళ్ళి ఈ పుస్తకం కొనుక్కున్నాను. రాసుకోవడం కూడా ఇప్పుడు మన ఇష్టమేనట. ఏం రాయాలో తోచక చెవి గురించి రాశాను.

మంగళవారం

స్వేచ్ఛ వచ్చిన మర్నాడు మా హోటల్లో ఒక్క మాట వినపడలేదు.

మామూలుగా పొద్దున్నే గోల గోలగా ఉంటుంది. సాంబారులో ఉప్పెక్కువైందని ఒకరు, వాన వస్తుందని ఒకరు, రాదని ఇంకొకరు, ఫలానావాళ్ళ అల్లుడు మళ్ళీ తాగుతున్నాడని మరొకరు. ఇవాళ మాత్రం ఒక్కొక్కరే లోపలికి వచ్చి, బోర్డు ఉండాల్సిన చోటు చూశారు, చెవి పీకిన చోట గోడ మీద మిగిలిన తెల్లటి గుండ్రటి మచ్చ చూశారు, తల వంచుకుని తిని వెళ్ళిపోయారు.

తెప్ప దక్షిణం అంచున కాపురముండే కొండమ్మ ఎండుచేపల తట్ట దించి టీ అడిగింది. ఆవిడ నోరు మూసుకుని టీ తాగడం నేనెప్పుడూ చూడలేదు.

"ఏటప్పా, నోరు కుట్టీసుకున్నావేటి?" అన్నాను.

ఆవిడ అటూ ఇటూ చూసింది. "బోర్డున్నప్పుడు ఏది రాజకీయమో, ఏది కాదో తెలిసీది. ఇప్పుడు నీ సాంబారు బాగోనేదంటే అదేటవుతాదో ఎవులికి తెల్సు?" అని, నేనేదో అనబోయేలోగా, "సాంబారు బాగున్నాది," అని గట్టిగా చెప్పి తట్ట ఎత్తుకుంది.

సాంబారు బాగాలేదు. కంగారులో నేను ఉప్పే వెయ్యలేదు.

గురువారం

ఇవాళ ఒక మాట రాస్తాను. ఈ మాటని ఇంతవరకూ పైకి అనలేదు, కట్టుకున్నవాడితో కూడా అనలేదు. మా తెప్ప వాలిపోతోంది.

ఒడ్డున ఉన్న ఊళ్ళు సముద్రంలో కలిసిపోయాక, మా తాతల కాలంలో ఈ తెప్పలు కట్టారు. ఒక్కో తెప్ప ఒక్కో పేటంత ఉంటుంది. అడుగున పెద్ద పెద్ద ఇనప పీపాలు, వాటి మీద పలకలు, పలకల మీద మేము. మా తెప్పకి దక్షిణం వైపు పీపాల్లోకి నీళ్ళు చేరుతున్నాయి. ఇది అందరికీ తెలుసు. పెనం మీద పిండి పోస్తే గుండ్రంగా నిలవదు. దక్షిణానికి కారి తమలపాకులా కోసుగా వస్తుంది. పైడిరాజు పొయ్యి కింద ఒక చెక్క పెట్టాడు. కొన్నాళ్ళకి ఆ చెక్క కింద ఇంకో చెక్క పెట్టాడు. ఎందుకని నేనడగలేదు, ఆయనా చెప్పలేదు.

పాత మండలి రోజుల్లో లౌడ్‌స్పీకర్ ప్రతి పొద్దునా "తెప్పలన్నీ సమంగా ఉన్నాయి" అని చెప్పేది. చెప్పాక ఇంకేముంది. గ్లాసు దొర్లితే గ్లాసుది తప్పు. ముసలాయన జారిపడితే ఆయన చెప్పులు అరిగాయన్న మాట. బల్ల వాలితే, ఎండకి దాని ఉత్తరం వైపు కాళ్ళు పొడుగయ్యాయన్న మాట. అలా ఎదిగిన కాళ్ళన్నిటినీ కోసి పెట్టేది వడ్రంగి నూకయ్య.

ఆరేళ్ళ కిందట ఈ నూకయ్యే మా హోటల్లో కూర్చుని, సాసర్లో టీ ఒక పక్కకే చేరడం చూసి, "తెప్ప వాలిపోతున్నాది కదరా, ఎవులూ సెప్పరేటి?" అన్నాడట. నేనప్పుడు వెనక వంటింట్లో ఉన్నాను. బయటికి వచ్చేసరికి హోటలంతా ఖాళీ, నూకయ్య ఒక్కడే కూర్చుని ఉన్నాడు. మర్నాడు ఆయన్ని విశ్రాంతి కోసమని తూర్పు తెప్పకి తీసుకెళ్ళారు. ఏడాది పైన విశ్రాంతి తీసుకుని వచ్చాడు. కాస్త ఒళ్ళు కూడా చేశాడు. అయితే అప్పట్నించీ ఆయన్ని ఏదడిగినా ఒకటే తీరు జవాబు. "టీయా, కాఫీయా నూకయ్యన్నా?" అంటే "నీ ఇట్టం సెల్లమ్మా" అంటాడు. "వానొస్తాదేటి?" అంటే "ఆలెలగంటే అలగ" అంటాడు, అంటే పైవాళ్ళు ఎలా అంటే అలా అని.

కొత్త మండలి ఆ పొద్దుటి ప్రకటన మానేసింది. తెప్ప సమంగా ఉందనీ చెప్పడం లేదు, లేదనీ చెప్పడం లేదు. జనానికి ఇది ఇంకా కష్టంగా ఉంది.

శనివారం

పిండి మిగిలిపోయి పులుస్తోంది. మా గిరాకీ అంతా ఉత్తరం వీధిలోని హోటల్‌కి పోయింది. అది మా తెప్ప పెద్ద తవిటినాయుడి బావమరిదిది. అక్కడ బోర్డు తియ్యలేదు. పైగా కొత్తగా రంగు వేయించాడు. చెవి పీకిన చోట తెల్ల సాసరు ఒకటి అతికించాడట. అది చూశాక జనానికి ప్రాణం కుదుటపడి, హాయిగా సాంబారుని తిట్టుకుంటున్నారట.

"మనం కూడా ఒక సాసరు..." అన్నాడు పైడిరాజు.

నేను ఆయన వైపు చూశాను. ఆయన పెనం తుడవడం మొదలుపెట్టాడు.

సోమవారం

ఇవాళ పొద్దున వచ్చింది ఒక్కరే. విశ్వనాథ పట్నాయక్ గారు.

ఈయన మొన్నటిదాకా వినికిడి ఆఫీసులో పనిచేశారు. చెవులన్నీ అక్కడికే చేరేవి. పొడుగ్గా, సన్నగా, ఇస్త్రీ చొక్కా జేబులో కలంతో వీధిలో నడిచి వస్తుంటే, అప్పటిదాకా పోట్లాడుకుంటున్న తోడికోడళ్ళు సైతం వాతావరణం ఎంత బాగుందో చెప్పుకునేవాళ్ళు. ఆఫీసు మూసేశారు కనక ఇప్పుడాయనకి పనిలేదు.

రెండు ఇడ్లీలు చెప్పి, "చట్నీ వద్దమ్మా," అన్నారు. "మీ చట్నీ గురించి పద్దెనిమిదేళ్ళు విన్నాను. ధైర్యం చాలడం లేదు."

నాకు నవ్వు రాబోయింది, ఆపుకున్నాను. "అంటే మా హోటలు ఇన్నీది మీరేనా బాబూ?"

"నేనే. మీ ఆయన దోసె తిరగేసేటప్పుడు ఒక పాట కూనిరాగం తీస్తారు. అందులో రెండో చరణం నాకు ఇప్పటికీ తెలియదు. ఎప్పుడూ పెనం చప్పుడులో కలిసిపోయేది. అదేమిటో ఒకసారి అడగొచ్చా?"

ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. ఆ పాట మాదే అనుకుంటున్నాం ఇన్నాళ్ళూ.

"నూకయ్యన్న మాట కూడా మీరే రాసినారా?"

ఆయన చేతిలో ఇడ్లీ ముక్క పళ్ళెంలో పెట్టేశారు.

"రాశాను. కానీ ముందు చెప్పింది నేను కాదమ్మా. నేను విని, కలం తీసేలోగానే మీ హోటల్ నుంచి నలుగురు మా ఆఫీసు గుమ్మంలో ఉన్నారు. పరిగెత్తుకొచ్చి రొప్పుతున్నారు. ఎవరు ముందు చెప్పాలా అని తోసుకుంటున్నారు. చెవులకి అంత వేగం ఎప్పుడూ లేదు. అసలు వాటిలో సగం చెడిపోయి ఉండేవి. బాగుచేయించమని పైకి రాస్తే, అవసరం లేదు, జనం ఉన్నారు కదా అని జవాబొచ్చింది."

"నలుగురొచ్చినారని మీరు రాయడం మానీనేదు కదా బాబూ."

"మానలేదు," అన్నారాయన.

"ఎవులా నలుగురు?"

పట్నాయక్ గారి చూపు ఒక్క క్షణం పొయ్యి వైపు వెళ్ళి, అక్కడ కాలు కాలినట్టు వెంటనే వెనక్కి వచ్చింది. పొయ్యి దగ్గర పైడిరాజు పాట ఆపేశాడు. పెనం మీంచి మాడు వాసన వచ్చింది.

మంగళవారం

పప్పు కడుగుతూ అడిగాను. "ఆ నలుగురిలో నివ్వున్నావేటి?"

"ఏ నలుగురు?" అన్నాడు. అలా అడగడమే జవాబు.

రుబ్బురోల్లో పొత్రం తిప్పడం మొదలుపెట్టాడు. తర్వాత దానితోనే చెప్తున్నట్టు చెప్పాడు.

"ఆడు ఆ మాటన్నాక ఎవులూ కదల్లేదు. అందరం సెవి వేపు సూసినాం. మరి ఒకులి మొకం ఒకులం సూసుకున్నాం. ఒకడు లెగిసినాడు. ఆడెందుకు లెగిసినాడో అందరికీ తెలిసిపోనాది. ఎనకుండిపోనోడు నూకయ్య వేపన్నట్టే కదా. నాను పెనం మీద దోసె అలగే ఒగ్గీసి పరిగెట్టినాను."

"మరి ఇన్నేళ్ళూ నూకయ్యన్న నీ సేతి దోసే తింతన్నాడు కదయ్యా."

"అందుకే ఆడి దోసెకి నెయ్యెక్కువేస్తన్నాను," అన్నాడు పైడిరాజు.

"మన హోటలు మూసెత్తారని..." అని ఇంకేదో మొదలుపెట్టి మానేశాడు. మంచిపని చేశాడు. నా కోసమే చేశానని గనక అనుంటే, ఆ పొత్రం ఎత్తి ఆయన కాలి మీద వేసేదాన్ని.

పొద్దుట్నించీ నేను ఆయనతో మాట్లాడటం లేదు. మాట్లాడకపోవడం కూడా స్వేచ్ఛ కిందికే వస్తుందనుకుంటాను. నూకయ్య మామూలుగానే వచ్చి మామూలుగానే తిన్నాడు. పళ్ళెంలో నెయ్యి దక్షిణానికి చేరి మెరుస్తోంది. నాకు చూడబుద్ధి కాలేదు.

శుక్రవారం

నిన్న పెద్ద కెరటాలు. ఇవాళ రుబ్బురోలు దానంతటదే జానెడు దూరం జరిగింది. కొండమ్మ ఇంటికి వెళ్ళి చూస్తే గడప లోపల మడమ మునిగేంత నీళ్ళున్నాయి. ఆవిడ మంచం మీద కాళ్ళు ముడుచుకు కూర్చుని ఉంది. మంచానికి ఒక పక్క నీటిలో పక్కబట్టలు తడుస్తున్నాయి.

"బిందె ఒలికిపోనాది," అంది, నేనేమీ అడక్కుండానే.

మా తెప్ప మీద ఇంకో నెలలో వానలు మొదలవుతాయి.

సాయంత్రం తవిటినాయుడు గారు హోటల్‌కి వచ్చారు. పాత మండలిలో మా తెప్పకి పెద్ద తవిటినాయుడు. కొత్త మండలిలో మా తెప్పకి పెద్ద తవిటినాయుడు. భుజం మీద కండువా రంగు మాత్రం మారింది. మాట్లాడుతున్నంతసేపూ ఆయన ఉత్తరం వైపు మోకాలు వంచి నిలబడ్డారు. మా తెప్ప మీద అందరం అలాగే నిలబడతాం. పక్క తెప్పవాళ్ళు అది మా ఫ్యాషన్ అనుకుంటారు.

"ఆదివారం ఇస్కూల్లో స్వేచ్ఛా సభ. అందరూ వచ్చి బయిం నేకుండా మాటాడాల. రాకపోతే బాగోదు."

"ఏటి మాటాడాల బాబూ?" అన్నాడు పైడిరాజు.

"ఇలగ అడుగుతారనే అచ్చేయించినాను," అని ఇద్దరికీ చెరో కాగితం ముక్క ఇచ్చారు. దాని మీద ఇలా ఉంది: 'నేను నిర్భయముగా మాట్లాడుచున్నాను. నాకు ఏ ఇబ్బందియును లేదు.'

పైడిరాజు దాన్ని రెండుసార్లు చదువుకుని, మడిచి, జేబులో భద్రంగా పెట్టుకున్నాడు.

ఆదివారం

స్కూల్లో ఉత్తరం గోడ వారన వేదిక కట్టారు. అంటే తవిటినాయుడు గారు పైన, మేం కిందన. వెనక వరసవాళ్ళు ముందు కుర్చీల్ని కాళ్ళతో ఆపి పట్టుకున్నారు, జారిపోకుండా. పట్నాయక్ గారు కూర్చున్న వరసలో ఇంకెవరూ కూర్చోలేదు.

పేరు పిలవగానే ఒక్కొక్కరూ వెళ్ళి కాగితం చదివి, చప్పట్లు కొట్టించుకుని వస్తున్నారు. కొండమ్మకి చదువు రాదు. ముందువాళ్ళు చదివింది విని ఒప్పజెప్పేసింది. ఆవిడ నడిచినంత మేరా చీర కుచ్చిళ్ళ నుంచి నీళ్ళు చారగా పడ్డాయి.

నేనూ చదివాను. ఇది రాయకుండా దాటెయ్యొచ్చు గానీ రాస్తున్నాను. మైకు దగ్గర నిలబడితే నాలుక దానంతటదే ఆ రెండు వాక్యాలూ అనేసింది. చప్పట్లు కూడా బాగానే పడ్డాయి.

ఆ తర్వాత వేదిక మీద బల్ల మీదున్న స్టీలు గ్లాసు మెల్లగా కదిలింది. అంచుదాకా వచ్చి, కింద పడి, కుర్చీల మధ్య దారిలో దొర్లడం మొదలుపెట్టింది. టంగుటంగుమంటూ మా అందరి పక్కనుంచీ పోతోంది. మేమంతా దాన్నే చూస్తున్నాం. ఎవరూ కాలు అడ్డం పెట్టలేదు. దక్షిణం తలుపు దాటి, అరుగు దాటి, సముద్రంలో బుడుంగుమంది.

"తరవాతోలు, పైడిరాజు," అన్నారు తవిటినాయుడు గారు.

నా మొగుడు మైకు దగ్గరికెళ్ళి కాగితం తీశాడు.

"నేను నిర్భయముగా..." అని ఆగిపోయాడు.

"మాట్లాడుచున్నాను," అని అందించారు తవిటినాయుడు గారు.

"నాకు బయిమేస్తన్నాది నాయుడుబాబూ," అన్నాడు పైడిరాజు.

మైకులో ఆ మాట స్కూలంతా వినపడింది. ఆయన కాగితం కిందికి దించి, జనంలో నూకయ్య ఎక్కడున్నాడో వెతికాడు.

"బావా, ఆ రోజు నివ్వు సెప్పింది నిజిమే. తెప్ప వాలిపోతున్నాది. అప్పుడూ వాలింది, ఇప్పుడు మరీ వాలింది. నానే ఎల్లి నీ మీద సెప్పీసినాను."

సభలో ఉన్నవాళ్ళందరూ అలవాటు కొద్దీ గోడ మీద చెవి ఉండే చోటు చూశారు. అక్కడ మచ్చ తప్ప ఏమీ లేదు. అప్పుడు అందరూ పట్నాయక్ గారి వైపు తిరిగారు. ఆయన చెయ్యి అప్పటికే జేబులోని కలం మీద ఉంది. ఆయన తన చేతిని తనే వింతగా చూసుకుని, కిందికి దించి, దాని మీద కూర్చున్నారు.

నూకయ్య లేచాడు. నిదానంగా లేచాడు. 'నీ ఇట్టం' అంటాడనుకున్నాను.

"ఆ సంగతి తరవాత సూద్దాం పైడిరాజూ," అన్నాడు. "ముందు దచ్చినం పీపాలు తోడాల. వానల్లోపు తోడీకపోతే ముందు కొండమ్మ ఇల్లెల్తాది, ఆ ఎనక ఈ ఇస్కూలెల్తాది."

"నూకయ్యా, నీళ్ళ సంగతి ఇయ్యాల్టి అజెండాలో నేదు," అన్నారు తవిటినాయుడు గారు.

"అజెండాలో నేదు బాబూ, పీపాల్లో ఉన్నాది."

ఎవరో నవ్వారు. ఎవరో తెలియదు, చిన్నగా, ముక్కుతో. దాంతో కొండమ్మ లేచి తడి కుచ్చిళ్ళు రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. "నెల్లాళ్ళుగా బిందె ఒలికింది, బిందె ఒలికింది అని సెప్తన్నాను. ఎన్ని బిందెలొలుకుతాయి ఒక మనిషికి? నా మంచం కింద సముద్రం ఉన్నాది. పొద్దున పీత కూడా వచ్చింది."

ఇక ఆపడం ఎవరి తరమూ కాలేదు. బల్ల కాళ్ళ గురించి ఒకరు, జారిపడి విరిగిన తుంటి గురించి ఒకరు, ఉయ్యాల ఎప్పుడూ ఒక గోడకే కొట్టుకుంటోందని ఒకరు. మాట్లాడుతున్నవాళ్ళలో కొందరు ఏడుస్తున్నారు, కొందరు నవ్వుతున్నారు. కాసేపయ్యేసరికి తెప్ప వాలిపోయిందని అందరికంటే గట్టిగా మైకులో చెబుతున్నది తవిటినాయుడు గారే. ఆయన ఈ మాట ఎప్పట్నించో అందామనుకుంటున్నారట.

ఇంటికొచ్చే దారిలో పైడిరాజు నాకు నాలుగడుగుల వెనక నడిచాడు. వీధి మలుపులో ఆగి ఆయన కోసం చూశాను.

"ఉప్పయిపోనాది," అన్నాను. మంగళవారం తర్వాత నేను ఆయనతో అన్న మొదటి మాట అదే.

"తెత్తాను," అన్నాడు.

బుధవారం

మూడు రోజులుగా వంతులేసుకుని పంపులు కొడుతున్నాం. ఆడా మగా అందరి చేతులూ బొబ్బలెక్కాయి. కన్నాలకి తారు పూస్తున్నారు. మా తెప్ప మెల్లగా లేస్తోంది.

ఎవరూ అనుకోని చిక్కు ఇంకొకటి వచ్చింది. తెప్ప సమం అవుతున్నకొద్దీ ఇళ్ళలో సామాన్లన్నీ ఉత్తరానికి వాలుతున్నాయి. ఇన్నేళ్ళూ కోసిన కాళ్ళన్నీ పొట్టివైపోయాయి. నూకయ్య కొట్టు ముందు జనం బల్లలూ మంచాలూ నెత్తిన పెట్టుకుని వరసలో నిలబడ్డారు. వాలులో నడవడం అలవాటైపోయి కొండమ్మ చదునైన నేల మీద రెండుసార్లు పడింది. అయినా సంతోషంగానే ఉంది. తిట్టుకుంటూ లేస్తోంది.

మిగతా ముగ్గురూ ఎవరని జనం పట్నాయక్ గారిని పట్టుకున్నారు. "వాళ్ళంతట వాళ్ళు చెప్పుకుంటే వింటాను," అన్నారాయన. "వినడమైతే నాకు బాగా వచ్చు." ఆయన కూడా పంపు దగ్గర వంతు అడిగి తీసుకున్నారు. ఇస్త్రీ చొక్కా విప్పి మడత పెట్టి మరీ కొట్టారు. ఆయనతో ఎవరూ మాట్లాడలేదు గానీ, అలిసిపోయి ఆగినప్పుడు ఎవరో మంచినీళ్ళిచ్చారు.

మా హోటల్‌కి జనం తిరిగి వచ్చారు. నూకయ్య మాత్రం సభ నాటి నుంచీ రాలేదు. పైడిరాజు ప్రతి పొద్దునా ఒక చిన్న గిన్నెలో నెయ్యి పక్కన తీసి ఉంచుతున్నాడు. మధ్యాహ్నానికి అది గడ్డకడుతోంది.

శుక్రవారం

నూకయ్య వచ్చాడు.

హోటల్ నిండుగా ఉంది. ఆయన ఎప్పుడూ కూర్చునే చోట కాకుండా పొయ్యికి ఎదురుగా ఉన్న బల్ల దగ్గర కూర్చున్నాడు. పైడిరాజు గబగబా పెనం మీద నీళ్ళు చిలకరించాడు.

"దోసొద్దు," అన్నాడు నూకయ్య. "ఉప్మా పెట్టు సెల్లమ్మా. మరి టీ వద్దు, కాఫీ."

ఆరేళ్ళలో ఆయన తనకేం కావాలో చెప్పడం ఇదే మొదలు. ఉప్మా చేసేది నేను, పైడిరాజు కాదు. అది ఆయనకి తెలుసు.

సగం తిన్నాక మొదలుపెట్టాడు. గొంతు తగ్గించలేదు.

"తూర్పు తెప్పలో నన్నెవులూ కొట్టలేదు. మంచి గది, మంచి పరుపు. రోజూ పొద్దున ఒకాయన వచ్చి, 'నేల సమంగా ఉందా అండీ?' అని అడిగీవోడు. నేదనీవోణ్ణి. 'అయితే ఇంకొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి' అని ఎల్లిపోయీవోడు. అంతే. అలగ ఎండలెల్లిపోనాయి, వానలెల్లిపోనాయి. మా అమ్మ పోనాదని అక్కడే తెలిసింది, అదీ సానా రోజులకి. ఆయేల పొద్దున కూడా అడిగినాడు. సమంగానే ఉన్నాదని సెప్పీసినాను. పడవెక్కించి పంపీసినారు. ఇంటికొచ్చీసరికి కర్మ పది రోజులూ అయిపోనాయి."

ఈసారి ఎవరూ తల వంచుకోలేదు. అందరూ ఆయన ముఖంలోకే చూస్తున్నారు.

"ఆ ఒక్క మాట అన్నాక మరి ఇంక దేనికీ కాదనడం నా సేత కానేదు," అన్నాడు. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టాడు. "సభలో నివ్వు సెప్పినావు, బాగున్నాది పైడిరాజూ. అందరూ బాగున్నాదన్నారు. కానీ నిన్ను చమించాలని నాకిప్పుడు నేదు."

"అలగే బావా," అన్నాడు పైడిరాజు.

"అలగే అనకు. ఆ మాట నాను సాన్నాళ్ళన్నాను. ఇంకేటైనా అను."

పైడిరాజు చెంపల మీది నీళ్ళు పెనం మీద పడి చుయ్‌మంటున్నాయి.

"రేపు రా," అన్నాడు.

"ఉప్మాకొస్తాను," అన్నాడు నూకయ్య.

ఆదివారం

నిన్న వచ్చాడు. ఇవాళ కూడా వచ్చాడు. వచ్చి, కూర్చుని, పొయ్యి వైపు చూసి, "ఇయ్యాల కూడా నేదు," అని అందరికీ వినపడేట్టు చెప్పి, ఉప్మా అడిగాడు.

కొండమ్మకి అది నచ్చలేదు. "పెద్దోడివి, ఎన్నాళ్ళు సాదిస్తావు? అందరి ముందరా ఒప్పుకున్నాడు కదా, ఒగ్గీ," అంది.

"ఎలగొగ్గెత్తాడు? తల్లి ఆకరి సూపు పోనాది," అన్నాడు పక్క బల్ల దగ్గరున్న పడవ సరంగు. "అరిటాకు మీద ఒడ్డించినట్టు చమించీమంటే అయిపోతాదేటి?"

దాంతో హోటలు రెండుగా చీలింది. భయపడి చేసిన తప్పు తప్పేనా అని ఒకరు. భయం అందరికీ ఉంది, అందరూ పరిగెత్తలేదు కదా అని ఇంకొకరు. పరిగెత్తనివాళ్ళు మాత్రం ఏం చేశారు, ఇంటికి పోయి తలుపులేసుకున్నారు కదా అని మరొకరు. మండలిలో అంతా మారిపోయిందని ఒకరంటే, ఎక్కడ మారింది, తవిటినాయుడు అక్కడే ఉన్నాడు కదా అని నాలుగు గొంతులు ఒక్కసారే అన్నాయి. బల్లల మీద గుద్దులు పడ్డాయి. పట్నాయక్ గారు మూలన కూర్చుని, ఎన్నడూ లేనిది చట్నీ వేయించుకుని, కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా తింటున్నారు. కారానికో, దేనికో నేనడగలేదు.

ఇంత గోలలోనూ నూకయ్య తన ఉప్మా తాను ప్రశాంతంగా తింటున్నాడు.

"ఏటయ్యా పైడిరాజూ, నివ్వేటంటావు? ఇది నీ సంగతే కదా," అని అరిచింది కొండమ్మ.

పైడిరాజు మంట తగ్గించి, చేతులు తుడుచుకుని, పొయ్యి వెనకనుంచి ఇవతలికి వచ్చాడు. ఎటు వెళ్తాడా అని అందరూ చూస్తున్నారు. ఆయన వెళ్ళి సరంగు బల్ల దగ్గర, అప్పుడే క్షమించొద్దన్న వాళ్ళ వైపు కూర్చున్నాడు.